దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా: కోస్తా తీరంలో ఏ పండుగ ఎప్పుడొస్తుంది?

2016లో విజయదశమి అక్టోబర్ 11న వచ్చింది. మరుసటి రోజే యౌమె ఆషూరా. ఆ ఏడాది దసరా సెలవులకు నెల్లూరు వెళ్లిన కుటుంబాలు పిల్లల బడి పోకుండానే రొట్టెల పండుగ చూసుకుని వచ్చాయి. 2017లోనూ అంతే. సెప్టెంబర్ 30న దసరా, అక్టోబర్ 1న ఆషూరా. చాలామంది మనసులో అప్పటి నుంచి ఒక లెక్క పడిపోయింది: రొట్టెల పండుగ అంటే దసరా సెలవుల్లో వచ్చేది అని.

ఇప్పుడు ఆ లెక్క నమ్ముకుని దసరాకు బయల్దేరితే స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెలు మార్చుకునేవాళ్లు కనిపించరు. 2025లో ఆ పండుగ జూలైలోనే అయిపోయింది. దర్గా అక్కడే ఉంది, చెరువు అక్కడే ఉంది, తేదీ మాత్రం జరిగిపోయింది.

కోస్తా తీరంలో అక్టోబర్ నుంచి జనవరి దాకా చూడదగ్గవి చాలా ఉన్నాయి. అయితే అవన్నీ ఒకే క్యాలెండర్ ప్రకారం నడవవు. కొన్నిటికి హిజ్రీ, కొన్నిటికి పంచాంగం, కొన్నిటికి ఇంగ్లిష్ తేదీలు. వీటన్నిటి పైన సముద్రానికి ఒక కాలం ఉంది, అది తుఫాన్ల కాలం. ఈ నాలుగూ చూసుకుని బయల్దేరితేనే ప్రయాణం సుఖంగా సాగుతుంది.

మూడు క్యాలెండర్ల లెక్క

హిజ్రీ సంవత్సరం పూర్తిగా చంద్రుడిని బట్టి నడుస్తుంది. దానికి 354 రోజులు, ఒక్కోసారి 355. ఇంగ్లిష్ సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ. అందుకే రంజాన్, బక్రీద్, ముహర్రం, ఉర్సులు ఏటా అన్ని రోజులు వెనక్కి జరుగుతూ పోతాయి. సుమారు 32 ఏళ్లకు ఒక చుట్టు పూర్తయి, మళ్లీ అదే రుతువులోకి వస్తాయి.

తెలుగు పంచాంగంలో కూడా నెలలు చంద్రుడివే. కానీ అందులో దాదాపు మూడేళ్లకోసారి ఒక అధిక మాసం కలుపుతారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. ఆ కలిపిన నెల వల్ల దసరా ఎటుపోయినా సెప్టెంబర్ చివర, అక్టోబర్ నెలల్లోనే ఉంటుంది. ఇస్లాంలో ఇలా నెల కలపడానికి వీల్లేదు. ఏడాదికి 12 నెలలే అని ఖురాన్ స్పష్టంగా చెప్పింది. అందుకే మన పండుగలు ఎండలోనూ, వానలోనూ, చలిలోనూ వస్తాయి.

మూడోది సూర్యుడి లెక్క. సంక్రాంతి జనవరి 14 లేదా 15, క్రిస్మస్ డిసెంబర్ 25. ఇవి కదలవు.

ఈ లెక్కన రొట్టెల పండుగ మళ్లీ దసరా పక్కకు రావాలంటే 2048, 2049 దాకా ఆగాలి. 2016లో పదేళ్ల వయసులో అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని చెరువులోకి దిగిన పిల్లాడికి అప్పటికి 42 ఏళ్లు వస్తాయి. ఈలోపు ఒక సౌకర్యం కూడా ఉంది. 2028 నుంచి కొన్నేళ్ల పాటు ఆ పండుగ వేసవి సెలవుల్లో పడుతుంది.

రొట్టెల పండుగ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. నెల్లూరు బారాషహీద్ దర్గాలో 12 మంది షహీదుల సమాధులు ఉన్నాయి. గండవరం దగ్గర జరిగిన యుద్ధంలో వాళ్లు షహీద్ అయ్యారని, గుర్రాలు వాళ్ల దేహాలను నెల్లూరు దాకా మోసుకొచ్చాయని పెద్దలు చెబుతారు. ముహర్రం నెలలో జనం చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, విదేశీ రొట్టె ఇలా ఒక్కో కోరికకు ఒక్కో పేరు. కోరిక తీరినవాళ్లు తర్వాతి సారి అదే పేరుతో రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఇచ్చేవాళ్లది ఏ మతమని అక్కడ అడగరు. హిందూ కుటుంబాలు కూడా పెద్ద సంఖ్యలో వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది.

దసరాకు: విజయనగరం సిరిమాను

దసరా సెలవుల్లో ఉత్తరాంధ్ర వైపు వెళ్లేవాళ్లకు పెద్ద ఉత్సవం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. ఇది దసరా రోజు జరగదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ముందు రోజు సోమవారం తొలేళ్లు. కాబట్టి సెలవులు ఏ వారానికి అయిపోతున్నాయో చూసుకోవాలి.

సిరిమాను అంటే పొడవాటి చింతమాను. దాని చివర కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటాడు. ఆ మాను ఆకాశంలోకి లేచి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. జనం అరటిపళ్లు విసురుతారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధం, ఆ యుద్ధానికి వెళ్లొద్దని అన్నను వారించిన రాజు చెల్లెలు పైడితల్లి, ఇదీ దీని వెనక చెప్పుకునే కథ. చుట్టుపక్కల జిల్లాల నుంచి, ఒడిశా నుంచి కూడా జనం వస్తారు.

ఇది గుడి ఉత్సవం. చూడ్డానికి వెళ్లాలా వద్దా అన్నది ఎవరి ఇంటి నిర్ణయం వాళ్లది. కోట దగ్గర రోడ్డు పక్కన నిలబడి ఊరేగింపు చూసేవాళ్లలో అన్ని రకాల వాళ్లూ ఉంటారు. ఇలాంటి తిరునాళ్లలో గాజులు, అత్తరు, బొమ్మల దుకాణాలు పెట్టుకుని బతికే ముస్లిం కుటుంబాలు కోస్తా అంతటా ఉన్నాయి. వాళ్లకు ఈ నాలుగు రోజులే ఏడాది సంపాదనలో పెద్ద భాగం. చిన్నపిల్లలు, వృద్ధులు ఉంటే మాత్రం మాను తిరిగే దారికి దూరంగా ఉండడం మేలు. తోపులాట మామూలే.

కార్తీకంలో: బీచ్‌కి వెళ్లే రోజు చూసుకోండి

దీపావళి తర్వాత కార్తీక మాసం. తీరంలో ఇది సముద్ర స్నానాల నెల. కార్తీక పౌర్ణమి నాడు మచిలీపట్నం దగ్గర మంగినపూడి, బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌లు తెల్లవారుజాము నుంచే నిండిపోతాయి. బందరు పక్కన చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవాలు కూడా అప్పుడే.

పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్లి ఆడిద్దామనుకునే కుటుంబం ఆ రోజు వెళ్తే బండి ఆపడానికి చోటు దొరకదు. పోలీసులు వాహనాలను దూరంగానే ఆపేస్తారు. కార్తీక సోమవారాలు, ఆదివారాలు కూడా వనభోజనాల రద్దీ ఉంటుంది. ఆ నెలలో బీచ్‌కి వెళ్లాలంటే మంగళ, బుధ, గురువారాలు మంచివి. ఇలాంటి చిన్న విషయానికే గోడ మీది తెలుగు క్యాలెండర్ ఒకసారి తిప్పి చూడాలి.

నవంబర్, డిసెంబర్‌లో: నాగూరు కందూరి

నాగూర్ వలీ, నాగూర్ మీరా, నాగూర్ బీ. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ఈ పేర్లున్న వాళ్లు లేని ముస్లిం బస్తీ అరుదు. చాలా ఇళ్లలో తాత పేరో, నానమ్మ పేరో అదే. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు చూపించాలనుకుంటే ఈ కొన్నేళ్లు మంచి అవకాశం. నాగూరు దర్గా ఉర్సు ఇప్పుడు నవంబర్, డిసెంబర్ నెలల్లో వస్తోంది.

నాగూరు తమిళనాడులో, నాగపట్నం పక్కనే ఉంది. అక్కడున్నది హజ్రత్ షాహుల్ హమీద్ ఖాదిర్ వలీ రహ్మతుల్లా అలైహి దర్గా. ఆయన ఉత్తరప్రదేశ్‌లోని మాణిక్‌పూర్‌లో పుట్టి, 16వ శతాబ్దంలో ఈ తీరానికి వచ్చి స్థిరపడ్డారు. మీరాన్ సాహెబ్ అని కూడా పిలుస్తారు, మన మీరా పేర్లు అక్కడివే. తంజావూరు నాయక రాజుకు జబ్బు నయం చేశారని, సముద్రంలో చిల్లు పడిన ఓడను అద్దంతో మూసి కాపాడారని కథలు చెప్పుకుంటారు. అందుకే ఆయన్ని ఓడల మీద వెళ్లేవాళ్లు బాగా నమ్ముతారు. ఈ తీరం నుంచి వ్యాపారానికి వెళ్లిన తమిళ ముస్లింలు పెనాంగ్‌లో, సింగపూర్‌లో కూడా ఆయన పేరిట దర్గాలు కట్టారు. సింగపూర్‌లోనిది 1828లో మొదలై 1830లో పూర్తయింది.

దర్గాకు ఐదు మినార్లు. వాటిలో పెద్దది 131 అడుగుల ఎత్తు. దాన్ని కట్టించింది తంజావూరు మరాఠా రాజు ప్రతాప్ సింగ్. ఈ సంగతి పిల్లలకు అక్కడ నిలబడి చెబితే పుస్తకంలో చదివిన దానికంటే ఎక్కువ గుర్తుంటుంది.

ఉర్సును అక్కడ కందూరి అంటారు. జమాదిల్ ఆఖిర్ నెలవంక కనబడడంతో మొదలై 14 రోజులు సాగుతుంది. మొదటి రోజు నాగపట్నం నుంచి ఓడ ఆకారంలో అలంకరించిన బండ్ల మీద జెండాలు ఊరేగిస్తూ తెచ్చి మినార్ల మీద ఎగరేస్తారు. పదో రాత్రి గంధం. రథంలో గంధపు కలశం రాత్రంతా ఊరేగి, తెల్లవారుజామున దర్గా చేరుతుంది. ముస్లింలు ఎంతమంది వస్తారో హిందువులూ అంతగా వస్తారు. 2023లో గంధం డిసెంబర్ నాలుగో వారంలో పడింది, 2024లో డిసెంబర్ రెండో వారంలో, 2025లో డిసెంబర్ మొదట్లో. ఆ తర్వాత నవంబర్‌లోకి, అక్కడి నుంచి అక్టోబర్‌లోకి జరుగుతుంది.

ఇక్కడే టికెట్ల ఇబ్బంది వస్తుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. నెలవంక కనబడేది గంధానికి పది రోజుల ముందు. అంటే ఖచ్చితమైన తేదీ తెలిసేసరికి టికెట్లు అయిపోతాయి. తెలిసినవాళ్లు చేసేది ఏంటంటే, అంచనా తేదీకి ముందొక రోజు, తర్వాతొక రోజు కలిపి టికెట్లు తీసుకుంటారు. ఒక రోజు మిగిలితే వేలాంకణి మాత చర్చి, నాగపట్నం తీరం చూసుకోవచ్చు. చెన్నై దాకా రైల్లో వెళ్తే అక్కడి నుంచి రైళ్లు, బస్సులు రెండూ ఉన్నాయి.

ఇంకో చిన్న సంగతి. తమిళ తీరంలో ముస్లింలు ఎక్కువ మంది షాఫయీలు. అక్కడి మసీదుల్లో అసర్ అజాన్ మన దగ్గరి కంటే ముందే అవుతుంది. మన హనఫీ టైమ్ ప్రకారం వెళ్తే జమాత్ దొరకదు. కంగారు పడక్కర్లేదు, ముందే ఆ మసీదు టైమ్ అడిగి పెట్టుకుంటే చాలు.

ఉర్సులకు వెళ్లడం మీద మన కుటుంబాల్లోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. వెళ్లేవాళ్లు తరాలుగా వెళ్తున్నారు, వెళ్లనివాళ్లకు వాళ్ల కారణాలున్నాయి. వెళ్లకూడదనుకునేవాళ్లు ఉర్సు రోజులు కాకుండా వేరే రోజుల్లో వెళ్లి ఆ కట్టడం, ఆ ఊరి చరిత్ర చూసి రావచ్చు. అప్పుడు రద్దీ కూడా ఉండదు.

డిసెంబర్‌లో: విశాఖ తీరం

1971 యుద్ధంలో భారత నౌకాదళం కరాచీ రేవు మీద దాడి చేసిన రోజు డిసెంబర్ 4. దాని గుర్తుగా ఆ రోజును నేవీ డే అంటారు. ఆర్‌.కె. బీచ్‌లో యుద్ధనౌకలు, హెలికాప్టర్లు, మెరైన్ కమాండోల విన్యాసాలు చూడ్డానికి ఊరంతా కదిలి వస్తుంది. 2022 డిసెంబర్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విశాఖలోనే వీటిని చూశారు. ఆ తర్వాతి నుంచి ప్రధాన వేడుకను ఏటా వేరే తీరానికి తీసుకెళ్తున్నారు. విశాఖ ప్రదర్శన ఒకసారి డిసెంబర్ పదిన, ఇంకోసారి జనవరి మొదటి వారంలో జరిగింది. కాబట్టి నాలుగో తేదీ అని గుడ్డిగా టికెట్ తీసుకోవద్దు, ప్రకటన చూశాకే కదలాలి.

ప్రదర్శన తప్పిపోయినా నష్టం లేదు. అదే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం, దాని ఎదురుగా టీయూ-142 విమానం మ్యూజియం ఏడాది పొడవునా ఉంటాయి. పిల్లలు జలాంతర్గామి లోపల తలవంచుకుని నడిచి రావడం మర్చిపోరు.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, విశాఖ తూర్పున ఉంది. సూర్యుడు అక్కడ దాదాపు 20 నిమిషాలు ముందే అస్తమిస్తాడు. ఫోన్లో హైదరాబాద్ నమాజ్ టైమ్ చూసుకుని బీచ్‌లో కూర్చుంటే మగ్రిబ్ వెళ్లిపోతుంది. ఊరు మార్చి పెట్టుకోవాలి.

జనవరిలో: పులికాట్ పక్షులు, కోనసీమ ప్రభలు

సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ మతంతో సంబంధం లేని పండుగ, అన్ని ఇళ్ల పిల్లలకూ నచ్చేది. పులికాట్ సరస్సు చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. చలికాలంలో ఫ్లెమింగోలు అక్కడ రొయ్యల్లాంటి చిన్న చిన్న నీటి జీవులు, నాచు తింటూ గుంపులుగా నిలబడతాయి. పక్కనే నేలపట్టులో గూడబాతులు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. అక్టోబర్ నుంచి మార్చి దాకా పక్షులు ఉంటాయి.

ఈ పండుగ 2001లో మొదలైంది. మధ్యలో కొన్నేళ్లు జరగలేదు, 2025 జనవరిలో మళ్లీ జరిపారు. తేదీలు ప్రభుత్వం ప్రకటించాలి. కానీ పక్షులు ప్రకటన కోసం ఆగవు. వానలు బాగా పడి నీళ్లు నిండిన ఏడాది ఫెస్టివల్ లేకపోయినా పక్షులు వస్తాయి, నీళ్లు లేని ఏడాది ఫెస్టివల్ ఉన్నా తక్కువే కనిపిస్తాయి. చూడాల్సింది అవే కాబట్టి పోస్టర్ కంటే ముందు వానలు ఎలా పడ్డాయో అడగాలి. ఉదయాన్నే వెళ్లి, మెల్లగా మాట్లాడుతూ, దూరం నుంచి చూడాలి.

సంక్రాంతి సెలవుల్లో కోనసీమ వైపు వెళ్తే కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంటుంది. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర కొబ్బరి తోటలో 11 ఊళ్ల ప్రభలు ఒకచోట చేరతాయి. రంగు బట్టలు, కాగితాలతో అలంకరించిన ఆ ఎత్తైన ప్రభలను భుజాల మీద మోస్తూ పంట పొలాల్లోంచి, కౌశిక కాలువ నీళ్లలోంచి దాటిస్తారు. పైరు తొక్కుడు పడినా రైతులు ఏమీ అనరు. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద చూపించింది దీన్నే. తిరిగొచ్చే దారిలో ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కోవచ్చు.

అదే రోజుల్లో గోదావరి జిల్లాల్లో కోడి పందేల బరులు కూడా ఉంటాయి. బంధువులు సరదాకి రమ్మన్నా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లే చోటు కాదు. పందెం మనకు హరామ్, చట్టానికీ విరుద్ధం. పోలీసులు వచ్చినప్పుడు చూడ్డానికి వచ్చినవాడు, ఆడ్డానికి వచ్చినవాడు అని తేడా ఉండదు.

సముద్రం లెక్క

ఈ పండుగల కాలం, తుఫాన్ల కాలం ఒకటే. ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 1977 నవంబర్ 19న దివిసీమ తుఫానులో వేల మంది చనిపోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కుదిపేసింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్, 2025 అక్టోబర్ చివర్లో మొంథా. అన్నీ సెలవుల చుట్టుపక్కలే. 2004 డిసెంబర్ 26 సునామీ కూడా క్రిస్మస్ మర్నాడే వచ్చింది, నాగపట్నం తీరం ఘోరంగా దెబ్బతింది.

అందుకే కొన్ని జాగ్రత్తలు తప్పవు.

బయల్దేరే ముందు నాలుగైదు రోజుల వాతావరణ సూచన చూడండి. ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. టికెట్ డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. రైళ్లు రద్దయ్యాక తెలియని ఊళ్లో ముసలివాళ్లతో, పసిపిల్లలతో ఇరుక్కోవడం చాలా కష్టం.

తుఫాను వెళ్లిపోయాక కూడా రెండు మూడు రోజులు సముద్రంలో దిగవద్దు. ఎండ కాసి అలలు మామూలుగా కనిపించినా అడుగున ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. బుర్ఖా, చీర, పొడుగు కుర్తా తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి, ఈత వచ్చినవాళ్లు కూడా లేవలేరు. మోకాలి లోతు దాటొద్దు. ఒకరు పిల్లల్ని చూసుకోవాలి, వాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు.

జనం ఎక్కువ ఉన్నచోట పిల్లల జేబులో ఇంటివాళ్ల ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. ఆడవాళ్లకు వుజూ, నమాజ్ సౌకర్యం ఉన్న మసీదు ఎక్కడుందో ముందే స్థానికుల్ని అడిగి పెట్టుకుంటే మంచిది. హలాల్ హోటల్ దొరకని ఊళ్లలో తీరం చేపల కూరే దిక్కు, అది దొరకని చోటూ లేదు.

రాబోయే ఏళ్లకు

పిల్లలకు సంక్రాంతి చూపించాలనుకునే కుటుంబాలు ఒక సంగతి ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. 2030లో రంజాన్ రెండుసార్లు వస్తుంది, జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబర్ చివర్లో ఇంకోసారి. అంటే 2030, 2031 సంక్రాంతులు రెండూ రోజాల్లోనే. కోనసీమ ఎండలో రోజంతా ప్రభల వెంట తిరగడం అప్పుడు కుదరదు. వెళ్లాలంటే 2029 లోపే వెళ్లి రావాలి.

2032లో మాత్రం నెలవంక అనుకున్నట్టు కనబడితే ఈదుల్ ఫితర్, సంక్రాంతి దాదాపు ఒకే రోజుల్లో వస్తాయి. ఆ జనవరిలో కోస్తా ఊళ్లలో ఒక ఇంట్లో సేమియా, పక్కింట్లో అరిసెలు వండుతూ ఉంటారు. రైలు టికెట్లు మాత్రం ఆ ఏడాది అందరికీ ఒకేసారి కావాలి, కాబట్టి 60 రోజుల ముందు ఉదయాన్నే కూర్చోవాల్సిందే.